42వ గీత దాకా: మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గత ఏడాది సర్వసభ్య సమావేశం చివర్లో, అందరూ భోజనాలకు లేవబోతుండగా ఒక సభ్యుడు నిలబడి ఒక మాట అడిగారు. “ఏటా ఏప్రిల్‌లో టెంపీలో ప్యాట్స్ రన్ జరుగుతుంది. వేలమంది పరిగెడతారు. మన పిల్లలు చాలామంది ఆ అరిజోనా స్టేట్ యూనివర్సిటీలోనే చదువుతున్నారు. మన సంఘం ఒక్కసారి కూడా ఎందుకు వెళ్ళలేదు?” వెనక వరసలోంచి వెంటనే జవాబు వచ్చింది. “ఆ ఆట మనకు తెలియదు. ఆ మనిషీ మనకు తెలియదు. పైగా యుద్ధంలో పోయినవాడి పేరు మీద జరిగే కార్యక్రమం. మనకెందుకండీ?” ఆ రోజు భోజనాలు అరగంట ఆలస్యమయ్యాయి. చివరికి ఒక ఏడాది వెళ్ళి చూద్దామని, తెలుసుకున్నదంతా కార్యవర్గం ఈ నివేదికలో సభ్యుల ముందు పెట్టాలని తీర్మానించాం.

అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఆ పరుగుకి పేరిచ్చిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్యాట్ టిల్‌మన్ గురించే ఉంటుంది. మిగతా కార్యక్రమాలు ముందు క్లుప్తంగా చెప్పేస్తాను.

పండుగలు, తెలుగు బడి, కొత్త విద్యార్థులు

2024 వేసవి మనందరికీ గుర్తుండిపోతుంది. ఫీనిక్స్‌లో వరసగా 113 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత వంద డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. సరిగ్గా ఆ ఎండల్లోనే, ఆగస్టులో, కొత్త విద్యార్థులు దిగారు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, అద్దె ఇల్లు దొరికేదాకా సభ్యుల ఇళ్ళలో ఉంచుకోవడం, పరుపులు, కుక్కర్లు సర్దిపెట్టడం ఎప్పటిలాగే చేశాం. ఇల్లిచ్చిన కుటుంబాలకు కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు. బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ముగ్గులు, ఉగాది కవి సమ్మేళనం జరిగాయి. సంక్రాంతికి హాలు చాలక పిల్లల్ని బయట నిలబెట్టాల్సి వచ్చింది. అది మా లెక్క తప్పు. వచ్చే ఏడాది పెద్ద హాలు తీసుకుంటాం. తెలుగు బడి ఆదివారాలు ఆగకుండా నడిచింది. ఆ ఉపాధ్యాయులు జీతం లేకుండా ఏడాదంతా రావడం వల్లే మన సంఘానికి పరువు నిలుస్తోంది.

ఇక అసలు విషయం.

ఎవరీ 42?

టెంపీలో కొన్నాళ్ళుంటే 42 అనే అంకె కళ్ళపడుతూనే ఉంటుంది. టోపీల మీద, కార్ల వెనక అద్దాల మీద, వయసు మళ్ళినవాళ్ళ టీషర్టుల మీద కనిపిస్తుంది. ఊరు చూడడానికి వచ్చిన మన అమ్మానాన్నలు “ఏంటమ్మా ఈ 42?” అని అడుగుతారు. చాలామందిమి “ఎవరో ఫుట్‌బాల్ ప్లేయర్ నంబర్ అంట” అని చెప్పి ఊరుకున్నాం. నేనూ పన్నెండేళ్ళు అదే జవాబు చెప్పాను.

ఆ నంబర్ టిల్‌మన్‌ది. అతను 1976 నవంబర్ 6న కాలిఫోర్నియాలో పుట్టాడు. శాన్ హోసేలోని లీలాండ్ హైస్కూల్లో చదివాడు. ఎత్తు ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. మనకది మంచి ఎత్తే. అమెరికన్ ఫుట్‌బాల్లో అతను ఆడిన, బంతితో వచ్చేవాణ్ణి పట్టి పడగొట్టే లైన్‌బ్యాకర్ స్థానానికి మాత్రం చిన్నవాడి కింద లెక్క. పెద్ద యూనివర్సిటీలు పెద్దగా పట్టించుకోలేదు. 1994లో అరిజోనా స్టేట్ దగ్గర మిగిలిన చివరి స్కాలర్‌షిప్ అతనికి దక్కింది.

ఆ చివరి స్కాలర్‌షిప్ కూడా చేజారిపోయేదే. హైస్కూల్ చివరి ఏడాది ఒక పిజ్జా షాపు బయట గొడవైంది. స్నేహితుణ్ణి ఎవరో కొడుతున్నారనుకుని టిల్‌మన్ మధ్యలో దూకి, అసలు సంబంధం లేని కుర్రాణ్ణి దారుణంగా కొట్టాడు. నేరం ఒప్పుకున్నాడు. కాలేజీలో చేరబోయే ముందు వేసవిలో ముప్పై రోజులు బాల నేరస్థుల నిర్బంధంలో గడిపాడు. యూనివర్సిటీ స్కాలర్‌షిప్ వెనక్కి తీసుకోలేదు. ఈ సంగతి ఇక్కడి అభిమానులెవరూ దాచరు. టిల్‌మన్ గురించి తెలుసుకోవడానికి మార్చిలో పెట్టుకున్న సమావేశంలో పిల్లలు ఎక్కువ ప్రశ్నలు అడిగింది దీని గురించే. ఒక తల్లి మాత్రం “పిల్లల ముందు ఇది చెప్పాల్సిందా?” అని తర్వాత నన్నడిగారు. చెప్పాల్సిందేనని నా అభిప్రాయం. తప్పు చేసి, ఒప్పుకుని, శిక్ష అనుభవించి, తర్వాత తనని తాను గట్టిగా పట్టుకున్న మనిషి కాబట్టే ఆ ఊరు అతన్ని అంతగా తన వాడనుకుంటోంది.

కాలేజీ ఆటలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి మొదటి ఏడాది మ్యాచుల్లో దింపకుండా ప్రాక్టీసులోనే ఉంచి, అతనికి ఒక ఏడాది ఎక్కువ మిగిలేలా చూస్తారు. దాన్ని రెడ్‌షర్ట్ అంటారు. కోచ్ బ్రూస్ స్నైడర్ టిల్‌మన్‌నీ అలాగే ఉంచాలనుకున్నారు. అతను ఒప్పుకోలేదు. జీవితంలో చేయాల్సిన పనులు చాలా ఉన్నాయని, నాలుగేళ్ళ తర్వాత తాను ఇక్కడ ఉండనని చెప్పాడు. అన్నట్టే డిగ్రీని ఇంకా ముందే, మూడున్నరేళ్ళలో, మార్కెటింగ్‌లో 3.8కి పైగా గ్రేడ్లతో పూర్తి చేశాడు. మ్యాచ్ లేని రోజుల్లో స్టేడియం లైట్ల టవర్ ఎక్కి పైన ఒంటరిగా కూర్చుని ఆలోచించుకునేవాడు.

ఆట గురించి సమావేశంలో ఎలా వివరించాలో నాకు తోచలేదు. ఆ టెన్షన్ తీర్చినవారు ఒక సభ్యురాలి తండ్రిగారు. ప్రకాశం జిల్లాలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, కూతురి దగ్గరికి వచ్చి ఉన్నారు. పాత మ్యాచుల వీడియో ముక్కలు రెండు చూసి, “ఇది పట్టు కదండీ! కూతకొచ్చినవాడు ఎటు తిరుగుతాడో వాడి నడుం చూసి కనిపెట్టి, కాళ్ళు దొరకపుచ్చుకోవడం. వీడు కబడ్డీలో మూలన నిలబడాల్సినవాడు” అన్నారు. హాల్లో పెద్దవాళ్ళందరికీ లైన్‌బ్యాకర్ అంటే ఏమిటో ఆ ఒక్క మాటతో అర్థమైంది. ఎత్తు తక్కువైనా ఎదుటివాడి కదలిక చదవగలిగితే చాలు, బరువు తర్వాత సంగతి అన్నారాయన. టిల్‌మన్ గురించి ఇక్కడి పాత అభిమానులు చెప్పేదీ అదే.

1996

అతని కాలం అభిమానులకు ఎందుకంత తీపి గుర్తో తెలియాలంటే 1995 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది నెబ్రాస్కా జట్టు అరిజోనా స్టేట్‌ని 77–28తో చిత్తు చేసింది. తర్వాతి ఏడాది సెప్టెంబర్ 21న అదే నెబ్రాస్కా టెంపీకి వచ్చింది. వరసగా రెండేళ్ళు జాతీయ ఛాంపియన్లు, 26 మ్యాచులుగా ఓటమి లేదు. ఆ రాత్రి అరిజోనా స్టేట్ 19–0తో గెలిచింది. నెబ్రాస్కాకి ఒక్క పాయింటూ దక్కలేదు. పైగా వాళ్ళని వాళ్ళ సొంత గోల్ ఏరియాలోనే మూడుసార్లు పడగొట్టారు.

మన కార్యవర్గ సభ్యురాలి పక్కింట్లో ఉండే పెద్దాయన ఆ రాత్రి స్టేడియంలో ఉన్నారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా సీజన్ టికెట్లు వదల్లేదు. మార్చిలో ఆయన్ని మన హాలుకి పిలిచాం. పులిహోర తిని, రెండు గంటలు మాట్లాడారు. ఆయన మాటలు మేం తెలుగులో చెబుతూ వచ్చాం. ఆ సీజన్లో జట్టు వరసగా పదకొండు మ్యాచులూ గెలిచింది. 1997 జనవరి 1న రోజ్ బౌల్‌లో, అంటే సీజన్ చివర జరిగే పెద్ద మ్యాచ్‌లో, ఒహాయో స్టేట్‌తో ఆడింది. నిమిషంన్నరకి పైగా ఆట మిగిలి ఉండగా జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జేక్ ప్లమర్ పరిగెత్తి జట్టుని 17–14 ఆధిక్యంలోకి తెచ్చాడు. ఇక గెలిచేసినట్టే అనుకున్నారు. సరిగ్గా 19 సెకన్లు మిగిలి ఉండగా ఒహాయో స్టేట్ టచ్‌డౌన్ చేసింది. 20–17. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. దాదాపు ముప్పై ఏళ్ళైనా తగ్గింది.

తర్వాతి సీజన్, 1997లో, టిల్‌మన్ పాక్–10 కాన్ఫరెన్స్‌లో (అప్పట్లో అరిజోనా స్టేట్ ఆడిన పది యూనివర్సిటీ జట్ల లీగ్) ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా ఎంపికయ్యాడు. 1998లో ప్రొఫెషనల్ జట్ల ఎంపికలో అతని పేరు ఏడో రౌండ్‌లో, 226వ స్థానంలో వచ్చింది. తీసుకున్నది స్థానిక జట్టు అరిజోనా కార్డినల్స్. ఆ రోజుల్లో వాళ్ళకి సొంత స్టేడియం లేదు, యూనివర్సిటీ వాళ్ళ సన్ డెవిల్ స్టేడియంలోనే ఆడేవారు. అంటే కాలేజీ కుర్రాడిగా ఎక్కడ ఆడాడో, జీతం తీసుకునే ఆటగాడిగానూ అదే పచ్చిక మీద ఆడాడు. శిక్షణ శిబిరానికి సైకిల్ మీద వెళ్ళేవాడు. తీరిక వేళల్లో అదే యూనివర్సిటీలో చరిత్రలో మాస్టర్స్ చదవడం మొదలుపెట్టాడు. 2001లో సెయింట్ లూయిస్ రామ్స్ ఐదేళ్ళకు 90 లక్షల డాలర్లు ఇస్తామంది. తనని నమ్మి తీసుకున్న జట్టుని వదలనని అంతకంటే చాలా తక్కువకి ఇక్కడే ఉండిపోయాడు. పేరు అరిజోనా అంతటా పాకినా అతను టెంపీకి పరాయివాడు కాలేదు. అభిమానులు దీన్ని మర్చిపోలేదు.

సైన్యం, మరణం, ఆ తర్వాత దాచిన నిజం

వెనక వరస సభ్యుడి అభ్యంతరం సరైనది. అందుకే ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవమని మనవి.

2002 మేలో, పెళ్ళైన కొద్ది రోజులకే, మూడేళ్ళకు 36 లక్షల డాలర్ల ఒప్పందాన్ని పక్కనపెట్టి టిల్‌మన్ సైన్యంలో చేరాడు. అప్పటికి బేస్‌బాల్ ఆడుతున్న తమ్ముడు కెవిన్ కూడా అతనితో పాటు చేరాడు. ఎందుకు చేరారో చెప్పమని పత్రికలవాళ్ళు వెంటపడినా ఒక్క ఇంటర్వ్యూ ఇవ్వలేదు. తనని పోస్టర్ మీద బొమ్మగా వాడుకోవడం అతనికి ఇష్టం లేదు. తాను చనిపోతే సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు వద్దని కాగితం మీద రాసి ఇచ్చాడు. 2003లో ఇరాక్‌కి పంపారు. ఆ యుద్ధం న్యాయమైనది కాదని తోటి సైనికులతో అనేవాడని తర్వాత వాళ్ళే చెప్పారు. అయినా ఒప్పుకున్న కాలం పూర్తి చేయకుండా వెనక్కి రానన్నాడు.

2004 ఏప్రిల్ 22న అఫ్ఘానిస్థాన్‌లోని ఖోస్త్ ప్రాంతంలో, కొండల మధ్య, అతను చనిపోయాడు. పక్కనే ఉన్న అఫ్ఘాన్ సైనికుడూ చనిపోయాడు. వాళ్ళని కాల్చింది శత్రువులు కాదు, అదే దళంలోని తోటి అమెరికన్ సైనికులు. తమ్ముడు కెవిన్ అదే దళంలో, కొంచెం వెనక ఉన్నాడు.

సైన్యం ముందు చెప్పింది వేరే కథ. శత్రువుల కాల్పులకు ఎదురొడ్డి పోయాడని చెప్పారు, సిల్వర్ స్టార్ పతకం ఇచ్చారు. మే 3న శాన్ హోసేలో జరిగిన సంతాప సభను దేశమంతా టీవీలో చూసింది. ఆ సభకు వచ్చిన కుటుంబానికి కూడా నిజం తెలియదు. అతని బట్టలు, డైరీ తగలబెట్టారు. అసలు సంగతి మే నెలాఖరుకి బయటికొచ్చింది.

అక్కడి నుంచి అతని తల్లి, డానీ అని పిలుస్తారు, ఏళ్ళ తరబడి పోరాడారు. వేల పేజీల దర్యాప్తు కాగితాలు ఇంట్లో కూర్చుని చదివి, నల్లసిరా పూసి దాచిన పేర్లను ఒక్కొక్కటిగా కనిపెట్టారు. 2007 ఏప్రిల్ 24న ఆమె, కెవిన్ అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. తన అన్న మరణాన్ని ప్రచారానికి వాడుకున్నారని కెవిన్ సూటిగా చెప్పాడు. అంతర్గత దర్యాప్తుల తర్వాత ఒక రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరల్‌ని సైన్యం అభిశంసించింది.

మార్చి సమావేశంలో ఈ భాగం చెబుతున్నప్పుడు మన డ్రిల్లు మాస్టారు అడిగారు. “మరి ఇంత జరిగాక ఇక్కడివాళ్ళు ఆ పరుగుని దేశభక్తి పండుగలా చేస్తే ఆ తల్లికి బాధ కాదా?” ఆ ప్రశ్న మా అందరికీ ఉంది. పక్కింటి పెద్దాయన చెప్పిన జవాబు రాసుకున్నాను. తమకు ముందు తెలిసినవాడు సైనికుడు కాదని, ఆ జుట్టు పెంచుకుని, సైకిల్ తొక్కుకుంటూ, క్లాసులో ప్రొఫెసర్‌తో వాదించే 42వ నంబర్ కుర్రాడని ఆయన అన్నారు. సైన్యం చెప్పిన కథ అబద్ధమని తేలినా తమ మనిషి అబద్ధం కాలేదని, ఎందుకంటే తాము అతన్ని ప్రేమించింది ఆ కథ చదివి కాదని అన్నారు.

నాకు ఈ ఏడాదిలో అన్నింటికంటే విలువైన మాట అది. కాలేజీ ఆటగాడి మీద ఉండే అభిమానం వేరు. ప్రొఫెషనల్ ఆటగాడు ఈ ఏడాది ఇక్కడ, వచ్చే ఏడాది ఇంకో ఊళ్ళో. కాలేజీలో ఆడినవాడు మన హాస్టల్లో ఉన్నాడు, మన క్యాంటీన్లో తిన్నాడు, మన లైబ్రరీలో నిద్రపోయాడు. మన ఊళ్ళలో ఒక కాలేజీ పూర్వ విద్యార్థులు “మా బ్యాచ్‌వాడు” అని చెప్పుకోవడంలో ఉండే ఆ ఛాతీ వెడల్పు ఇక్కడ లక్షల మందికి ఒకేసారి ఉంటుంది. అందుకే అతని గురించి నిజం దాచినప్పుడు వాళ్ళకి సొంతింట్లో మోసం జరిగినట్టు అనిపించింది. దాచిన నిజం బయటికి వచ్చాక కూడా వాళ్ళు అతన్ని వదల్లేదు, ఆ తల్లి పక్కన నిలబడ్డారు.

ఊరు గుర్తుపెట్టుకున్న తీరు

2004 నవంబర్‌లో యూనివర్సిటీ 42వ నంబర్‌ని శాశ్వతంగా పక్కన పెట్టింది. ఇక ఆ జెర్సీని మ్యాచ్‌లో ఎవరూ వేసుకోరు. ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చే సొరంగ మార్గానికి అతని పేరు పెట్టారు. 2017లో అక్కడ కంచు విగ్రహం నిలబెట్టారు. మ్యాచ్ మొదలయ్యే ముందు ఒక్కో ఆటగాడూ ఆ విగ్రహాన్ని చేత్తో తాకి బయటికి పరిగెడతాడు. గుళ్ళోకి వెళ్ళేటప్పుడు గడపను తాకి కళ్ళకద్దుకున్నట్టు నాకనిపించింది. 2010లో అతన్ని కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అదే ఏడాది హూవర్ డ్యామ్ పక్కన నెవాడాను, అరిజోనాను కలుపుతూ కట్టిన వంతెనకు నెవాడా మాజీ గవర్నర్ మైక్ ఒకాలహన్‌తో పాటు అతని పేరూ పెట్టారు. లాస్ వేగాస్‌కి కారులో వెళ్ళిన ప్రతి సభ్యుడూ ఆ వంతెన దాటే ఉంటారు. పేరు చదవకుండానే దాటేశాం మనం.

కుటుంబం, స్నేహితులు పెట్టిన ఫౌండేషన్ 2008 నుంచి పూర్వ సైనికులకు, సైనికుల జీవిత భాగస్వాములకు చదువుకోవడానికి స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. ప్యాట్స్ రన్ డబ్బు దానికే వెళుతుంది. చదువుకి వెళుతుందని తెలిశాక మన సభ్యుల్లో చాలామంది మనసు మారింది. సినిమా హీరో పుట్టినరోజున రక్తదానం చేసే అభిమానులు మన ఊళ్ళలో ఉన్నారు. అభిమానాన్ని పనికొచ్చే దారిలోకి మళ్ళించడం మనకు కొత్త కాదు.

పరుగు రోజు

పరుగు 4.2 మైళ్ళు, అంటే ఆరు కిలోమీటర్లు దాటి ముప్పావు. టెంపీ వీధుల్లో, టౌన్ లేక్ చుట్టూ తిరిగి స్టేడియంలోకి వచ్చి సరిగ్గా 42 గజాల గీత మీద ముగుస్తుంది. 2005 నుంచి జరుగుతోంది. పిల్లలకు విడిగా చిన్న పరుగు ఉంటుంది.

ఫిబ్రవరి నుంచి శనివారాలు తెల్లవారుజామున ఐదున్నరకి చెరువు గట్టున కలిసి నడవడం మొదలుపెట్టాం. మొదటి వారం ఆరుగురం వచ్చాం. మార్చి సమావేశం తర్వాత వరసగా పెరిగాం. విద్యార్థులు పరిగెడతారు, పెద్దవాళ్ళు నడుస్తారు అని రెండు జట్లు చేశాం. డ్రిల్లు మాస్టారు ఈల తెచ్చుకుని మరీ వచ్చారు.

పరుగు రోజు ఒక పొరపాటు జరిగింది. కార్లు ఎక్కడ ఆపాలో ముందే చెప్పకపోవడంతో మూడు కుటుంబాలు మొదలయ్యే చోటికి ఆలస్యంగా చేరాయి. తప్పు నాది, క్షమించాలి. మిగతాదంతా బాగా జరిగింది. మెరూన్, బంగారు రంగుల జనం మధ్య మనవాళ్ళ కండువాలు దూరం నుంచే కనిపించాయి. దారి పొడవునా ఊరివాళ్ళు నిలబడి, మూడు వేళ్ళు చాపి త్రిశూలంలా చూపిస్తూ “ఫోర్క్స్ అప్” అని కేకలు వేస్తున్నారు. జట్టు గుర్తు అది. మన అమ్మమ్మలు కొందరు దాన్ని శివుడి త్రిశూలం అనుకుని చేతులు జోడించారు. చూసినవాళ్ళు వాళ్ళకీ చేతులు జోడించారు.

స్టేడియంలోకి మలుపు తిరిగినప్పుడు ఒక్కసారి చల్లబడింది. రెండు గుట్టల మధ్య కట్టిన స్టేడియం అది. ఉదయం పూట లోపలంతా నీడ. పైన ఖాళీ సీట్లు, ముందు పచ్చగడ్డి, గడ్డి మీద తెల్లటి గీత. గుంటూరు నుంచి వచ్చి ఏడాది కూడా కాని ఒక అమ్మాయి గీత దాటాక పక్కకి జరిగి నిలబడిపోయింది. ఏమైందమ్మా అంటే, “ఏం లేదంకుల్, రెండు సెమిస్టర్లుగా ఈ ఊళ్ళో నేను అద్దెకున్నట్టే అనిపించేది. ఇప్పుడు మా కాలేజీ అనిపిస్తోంది” అంది. ఆ అమ్మాయి నాన్నగారికి ఫోన్ చేసి గీత చూపించింది. అక్కడ అప్పటికి రాత్రైంది. ఆయన లేచి కూర్చుని చూశారు.

మాస్టారు అందరికంటే చివర వచ్చారు. ఆగకుండా నడిచి వచ్చారు. గీత దగ్గర చెప్పులు విప్పబోతే కాపలా కుర్రాడు వద్దన్నాడు. వంగి, వేళ్ళతో తాకి వచ్చారు.

ఈ సీజన్ గురించి కొంచెం

ఇది రాయకపోతే విద్యార్థులు ఊరుకోరు. 2024 సీజన్ ముందు అంచనాల్లో అరిజోనా స్టేట్‌కి, ఇప్పుడు ఆ జట్టు ఆడే బిగ్–12 కాన్ఫరెన్స్‌లో (పేరులో 12 ఉన్నా జట్లు పదహారు), పదహారో స్థానం ఇచ్చారు. కోచ్ కెన్నీ డిల్లింగ్‌హమ్ ఇక్కడి కుర్రాడే, ఇదే యూనివర్సిటీలో చదివినవాడు. ఆ జట్టు డిసెంబర్ 7న ఆర్లింగ్టన్‌లో ఐయోవా స్టేట్‌ని 45–19తో ఓడించి కాన్ఫరెన్స్ గెలిచింది. జనవరి 1న అట్లాంటాలో పీచ్ బౌల్‌లో టెక్సాస్‌తో రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి 39–31తో ఓడింది. మన విద్యార్థులు హాలు తీసుకుని, ఉప్మా చేసుకుని ఆ మ్యాచ్ చూశారు. పక్కింటి పెద్దాయన కూడా వచ్చారు. ఓడిపోయాక పిల్లలు తలలు వంచుకుంటే, 1997లో జనవరి 1నే తానెలా ఏడ్చారో చెప్పి నవ్వించారు. అంతా అయ్యాక కుర్చీలు సర్దుతుంటే ఆయన గోడ మీద పిల్లలు అతికించిన 42 కాగితాన్ని తీయనివ్వలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

లెక్కలు, వచ్చే ఏడాది

ఆడిట్ చేసిన లెక్కలు విడిగా అందరికీ పంపాం. పరుగు రుసుము ఎవరిది వాళ్ళే కట్టుకున్నారు. అడిగిన కొందరు విద్యార్థులకు మాత్రం సంఘం కట్టింది. అరటిపళ్ళు, మంచినీళ్ళ ఖర్చు ఇద్దరు సభ్యులు భరించారు, పేర్లు వేయవద్దన్నారు.

పోయిన ఏడాది అభ్యంతరం చెప్పిన సభ్యుడు మార్చి సమావేశానికీ వచ్చారు, నడక జట్టులోనూ నడిచారు. యుద్ధం మీద తన అభిప్రాయం మారలేదని, ఆ మాట నివేదికలో రాయమని కోరారు. రాస్తున్నాను. టిల్‌మన్ బతికి ఉంటే ఆయన పక్కనే కూర్చుని చాలాసేపు వాదించి ఉండేవాడని నాకనిపిస్తుంది.

ప్యాట్స్ రన్‌లో సంఘం ఏటా పాల్గొనాలా వద్దా అన్నది ఈ సమావేశంలో ఓటింగుకి పెడుతున్నాం. కార్యవర్గం ఏకగ్రీవంగా పాల్గొనాలని సిఫారసు చేస్తోంది. ఆమోదిస్తే మూడు పనులకు మనుషులు కావాలి. పార్కింగ్ చూసుకోవడానికి ఇద్దరు, పిల్లల పరుగుకి తోడు వెళ్ళడానికి నలుగురు, కొత్త విద్యార్థులకు ఆగస్టులోనే టిల్‌మన్ గురించి చెప్పడానికి ఒకరు. మాస్టారు ఫిబ్రవరిలో మళ్ళీ వస్తున్నారు. ఈసారి నడవను, పరిగెడతానని ఫోన్లో చెప్పారు. తెల్లవారుజామున ఐదున్నరకి ఆయనతో కలిసి గట్టు మీదికి రాగలిగినవాళ్ళు ఈ రోజే పేర్లు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి